లాఫుల్ గుడ్ పాలడిన్, కేయాటిక్ న్యూట్రల్ రోగ్, మధ్యలో కట్టేసిన గోబ్లిన్: అలైన్‌మెంట్ ఉంచాలా, తీసేయాలా?

కొండాపూర్_డీఎం:

వచ్చే నెల నుంచి ఆదివారాలు ఐదుగురితో కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే ఒకే కథ) మొదలవుతోంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5ఈ (ఐదో ఎడిషన్), 2014 పుస్తకాలు. 1 నుంచి 8వ లెవెల్ దాకా, సెషన్‌కి నాలుగు గంటలు. ముగ్గురికి ఇదే మొదటి టేబుల్‌టాప్ ఆట. లోకం సొంతంగా అల్లినదే: గోల్కొండ లాంటి రాతి కోట, చుట్టూ బండల గుట్టలు, గుట్టల్లో గోబ్లిన్లు, కోటలో దివాన్ వేషంలో తిరిగే ఒక రాక్షసుడు. అతనెవరో చివరి రెండు సెషన్లలో గానీ బయటపడకూడదు.

షీట్లు (ఒక్కో ప్లేయర్ తన పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు) ఇలా ఉన్నాయి. వాటి మీద అలైన్‌మెంట్ గడిలో పాత్ర తీరు రాస్తారు: లాఫుల్ (కట్టుబాటు) నుంచి కేయాటిక్ (విచ్చలవిడి) దాకా ఒకటి, గుడ్ (మంచి) నుంచి ఈవిల్ (చెడు) దాకా ఇంకొకటి, మధ్యలో న్యూట్రల్. పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడే యోధురాలు), లాఫుల్ గుడ్, డివోషన్ ప్రమాణం తీసుకుంటానంటోంది. రోగ్ (దొంగ), కేయాటిక్ న్యూట్రల్, "పార్టీ సంచిలోంచి కూడా కొట్టేస్తా, నా క్యారెక్టర్ అంతే" అని ముందే చెప్పాడు (పార్టీ అంటే ప్లేయర్ల పాత్రల గుంపు). లైఫ్ క్లెరిక్ (దైవశక్తి ఉన్న పూజారి), న్యూట్రల్ గుడ్. వార్లాక్ (పాట్రన్ అనే ఒక శక్తితో ఒప్పందం చేసుకున్న మాంత్రికుడు) ఈవిల్ పెట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు. ఫైటర్ ఆ గడి ఖాళీగా వదిలేసింది.

మూడు సందేహాలు. షీటు మీద ఆ గడి కొట్టేస్తే రూల్స్‌లో ఎక్కడెక్కడ తేడా వస్తుంది? దాని బదులు ఏం పెట్టాలి? మొదటి సాహసం చివర ఒక గోబ్లిన్ లొంగిపోతాడు. పాలడిన్ వదిలేద్దామంటుంది, రోగ్ గొంతు కోసేద్దామంటాడు. అప్పుడు డీఎం (ఆట నడిపేవాళ్లు) ఎక్కడ నిలబడాలి?

రూల్‌బుక్_పురుగు:

మొదటిదానికి నా దగ్గర పూర్తి జవాబుంది. 2014 రూల్స్‌లో ఆ గడి తీసేస్తే దాదాపు ఏమీ మారదు.

చాలామంది పొరబడేది "డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్" పేరు చూసి. ఆ స్పెల్ ఎవరి మనసులోకీ తొంగిచూడదు. 30 అడుగుల లోపల అబెరేషన్, సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే (మాయలోకపు జీవులు), ఫీండ్ (పిశాచ జాతి), అన్‌డెడ్ (చచ్చీ తిరిగేవి), ఈ ఆరు రకాల జీవుల్లో ఏదైనా ఉందా అన్నదే చెబుతుంది. ఊరిని పీల్చి పిప్పి చేసే మనిషి జమీందారు ఎదురుగా కూర్చున్నా అది పలకదు. పాలడిన్ డివైన్ సెన్స్ కూడా అలాంటిదే: 60 అడుగులు, సెలెస్టియల్, ఫీండ్, అన్‌డెడ్ మాత్రమే. డివైన్ స్మైట్‌కి (ఆయుధపు దెబ్బకి దైవశక్తి జోడించడం) అవతలివాడి అలైన్‌మెంట్‌తో పనే లేదు. మొదటి లెవెల్ స్లాట్ (స్పెల్ శక్తి వంతు) ఖర్చు చేస్తే 2డీ8 డ్యామేజ్ (ఎనిమిది ముఖాల డైస్ రెండు), ఎదుట ఫీండో అన్‌డెడ్డో ఉంటే ఇంకో డీ8.

నిజంగా గడిని చూసేవి కొన్ని ఉన్నాయి. మీ క్లెరిక్ 5వ లెవెల్‌కి రాగానే స్పిరిట్ గార్డియన్స్ అనే స్పెల్ వస్తుంది. 3డీ8 డ్యామేజ్, వేసినవాళ్లు గుడ్ లేదా న్యూట్రల్ అయితే రేడియంట్ (దైవకాంతి) రకం, ఈవిల్ అయితే నెక్రోటిక్ (మృత్యుశక్తి) రకం. గడి లేకపోతే 5వ లెవెల్‌కి వచ్చిన రోజే రెండిట్లో ఒకటి ఎంచుకుని షీటు మీద రాసుకోమనండి. అలా చెప్పకపోతే ప్రతి పోరాటానికీ ఎదుటివాడిని బట్టి రకం మార్చేస్తారు. అది ముందే బలమైన స్పెల్. స్ప్రైట్ (చిన్న ఫే జీవి) ఎవరినైనా తాకితే డీసీ 10 కరిజ్మా సేవ్ (తప్పించుకోవడానికి డైస్‌తో 10 అందుకోవాలి) తప్పినవాళ్ల అలైన్‌మెంట్ తెలుసుకుంటుంది, దాన్ని మామూలు భావోద్వేగం వరకే ఉంచితే చాలు. టాలిస్మన్ ఆఫ్ ప్యూర్ గుడ్ లాంటివి లెజెండరీ వస్తువులు, మీ లెవెళ్లలో రావు. వదిలేయండి.

ఇబ్బందంతా మీ రాక్షసుడితోనే. 2014 మాన్‌స్టర్ మాన్యువల్ (ఆటలోని జీవుల పుస్తకం) రాక్షసుడికి ఛాలెంజ్ రేటింగ్ (ఎంత కష్టమైన శత్రువో చెప్పే అంకె) 13, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 110. 6వ లెవెల్ దాకా ఏ స్పెల్లూ (స్పెల్ లెవెల్ వేరు, క్యారెక్టర్ లెవెల్ వేరు), వాడు ఒప్పుకుంటే తప్ప, వాడికి తగలదు, వాడిని పసిగట్టనూ లేదు. మీ 8వ లెవెల్ పార్టీకి పై మెట్టు 4వ లెవెల్ స్పెల్లే. అంటే వార్లాక్ ఎల్డ్రిచ్ బ్లాస్ట్‌తో సహా అన్నీ వృథా. మామూలు ఆయుధాల పోటూ కోతా మోదూ కూడా పనిచేయవు. వాడి బలహీనత ఒక్కటే: గుడ్ అలైన్‌మెంట్ ఉన్నవాళ్ల చేతిలోని మ్యాజిక్ ఆయుధంతో పొడిస్తే డ్యామేజ్ రెట్టింపు. గడి కొట్టేస్తే ఆ బలహీనత ఎవరికి వర్తిస్తుందో చెప్పలేరు. ఉంచితే, పొడవడమే వృత్తిగా ఉన్న రోగ్ కేయాటిక్ న్యూట్రల్ కాబట్టి బయటే ఉండిపోతాడు.

2025 మాన్‌స్టర్ మాన్యువల్ దీన్ని బాగా తేల్చింది: బ్లెస్ (దీవెన) స్పెల్ కింద ఉన్నవాళ్ల ఆయుధపు పోటుకి రెట్టింపు. నిజానికి 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లోనూ ఈ రాక్షసుడిని చంపేది దీవించిన క్రాస్‌బో బాణమే, కాబట్టి ఇది పాత దారికి తిరిగి రావడం. మీ క్లెరిక్ దగ్గర బ్లెస్ ఎలాగూ ఉంటుంది, ముగ్గురి మీద ఒకేసారి వేయొచ్చు. కాకపోతే లెక్క చూసుకోండి. 8వ లెవెల్ రోగ్‌కి స్నీక్ అటాక్ (అదను చూసి కొడితే వచ్చే అదనపు డ్యామేజ్) 4డీ6, అది కూడా ఆయుధం రకమే కాబట్టి అదీ రెట్టింపవుతుంది. డెక్స్ (చురుకుదనం) 18, ప్లస్ 1 రేపియర్ (మ్యాజిక్ పోటుకత్తి) అనుకుంటే సగటు దెబ్బ 23 చిల్లర, రెట్టిస్తే 47. ఒక్కడే మూడు పోట్లలో పని ముగించేస్తాడు. ఆ పోరాటంలో బ్లెస్‌ని నిలిపి ఉంచే కాన్సెంట్రేషన్ (ఏకాగ్రత) చెడగొట్టడానికి క్లెరిక్ మీదికి వెళ్లే ఇద్దరు అనుచరులను తప్పకుండా పెట్టండి.

అంబర్‌పేట_ఆర్క్:

పైన చెప్పింది కరెక్టే. గానీ అన్నా, ఆ గడి ఎందుకు పుట్టిందో తెలిస్తే నీ కోట కథకు పనికొస్తది.

1974ల వచ్చిన ఈ ఆట మొదటి పెట్టెల ఇప్పటి లెక్క తొమ్మిది అలైన్‌మెంట్లు లెవ్వు. మూడే: లా, న్యూట్రాలిటీ, కేయాస్. అది మనిషి గుణం గాదు, ఎవని దిక్కు నిలవడ్డవు అనేది. యుద్ధం ఆటలకెల్లి వచ్చిన లెక్క, ఏ జీవి ఏ సైన్యంల చేరుతదో వరుసగ రాసిన పట్టీ. 1976ల దాని మీద అడ్డంగ గుడ్-ఈవిల్ అని ఇంకో గీత గీసిండ్రు. 1977 బేసిక్ పెట్టెల ఐదు, 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ల తొమ్మిది అయినయ్. గుణం లెక్క మాట్లాడుడు ఆ తర్వాతి సంగతి. 1979 డీఎం గైడ్‌ల అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్ ఊడిపోయేది. 2008ల నాలుగో ఎడిషన్ ఐదుకు దించింది, 2014ల మళ్ల తొమ్మిది.

నెట్ల దొరికే సలహాలు శానా వరకు 3.5 ఎడిషన్ కాలంవి. ఆ రూల్స్‌ల పాలడిన్ ఎప్పుడంటే అప్పుడు డిటెక్ట్ ఈవిల్ కొట్టేది, నిజంగనే గుణం కనిపించేది. 60 అడుగుల కోన్, మొదటి రౌండ్ల ఉన్నదా లేదా, రెండో రౌండ్ల ఎందరు, మూడో రౌండ్ల ఎవరు. తూకంల మోసం జేసే కోమటి దుకాణం ముంగట నిలవడి మూడు రౌండ్లు చూసి కత్తి దూసుడే. స్మైట్ ఈవిల్ గూడ ఎదుటోడు ఈవిల్ గాకుంటే ఉత్తగనే పోయేది. అప్పుడు గడి అంటే లెక్కల భాగం. ఆ సలహాలు తెచ్చి 5ఈ టేబుల్ మీద పెడితే లొల్లి తప్ప ఏం రాదు.

నేను జెప్పేదేందంటే గుడ్-ఈవిల్ గీత తీసెయ్, దిక్కు ఉంచు. నీకు రెండు దిక్కులు తయారుగనే ఉన్నయ్: కోట, గుట్ట. షీటు మీద గడిల "కోట", "గుట్ట", "ఎటూ కాదు", ఈ మూటిల ఒకటి రాయమను. దానికి ఆటల ఫాయిదా ఉండాలె, లేకుంటే అది గూడ ఉత్త అలంకారమే. కోట దిక్కోల్లకు రాత్రి దర్వాజ మూసినంక గూడ లోపలికి పోయే హక్కు, కొత్వాల్ కాడ మాట చెల్లుడు. గుట్ట దిక్కోల్లకు గోబ్లిన్ల దారులు, బండల మధ్య నీళ్ల జాగలు తెలుసుడు. ఫతే దర్వాజ కాడ చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ల వినవడుతది గదా, గదే వాడుకో: కోట దిక్కోనికి చప్పట్ల గుర్తులు తెలుస్తయ్, మిగతోల్లకు తెల్వయ్. ఎటూ కానోనికి ఏ ఫాయిదా లేదు, గానీ రెండు దిక్కుల ఎవ్వడూ పుట్టుకతో పగోడు గాడు. దిక్కు మార్చుకోవచ్చు, మార్చుకుంటే మొదటి దిక్కోల్లకు తెలుస్తది. గంతే శిక్ష.

బండమీద_బాసిలిస్క్:

దిక్కులు బాగున్నాయి గానీ రోగ్ చేతిని పార్టీ సంచిలోంచి అవి ఆపలేవు. దానికి వేరే పరికరం కావాలి.

పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట 2023 రీమాస్టర్‌లో అలైన్‌మెంట్ మొత్తం తీసేసి, ఎవరు ఏం చేసి తీరాలి, ఏం చేయనే కూడదు అని రెండు వరుసలకు వచ్చేశారు. అదే మీ టేబుల్‌కి తెచ్చుకోండి. ఒక్కో ప్లేయర్‌కి ఒక కార్డు, జిరాక్స్ షాపులో ఏ4లు రెండు, నాలుగేసి ముక్కలు చేయించినా చాలు. కార్డు మీద మూడు వాక్యాలు: "వీలైనప్పుడల్లా చేస్తాను" ఒకటి, "ఎన్నటికీ చేయను" ఒకటి, "ఈ పార్టీతో ఎందుకున్నాను" ఒకటి. ఎక్కువ రాయనివ్వకండి, ఐదారు రాస్తే ఎవరికీ గుర్తుండవు.

తప్పు జరిగేది వాక్యాల దగ్గరే. "న్యాయంగా ఉంటాను" అని రాస్తే అది అలైన్‌మెంట్ గడే, పేరు మారిందంతే. సెషన్ చివర "ఈరోజు ఇది జరిగిందా?" అని అడిగితే టేబుల్ అంతా అవును, కాదు అని చెప్పగలగాలి. పాలడిన్: "నేను మాటిచ్చి లొంగదీసుకున్నవాడి మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను." ఇది కుదిరింది. రోగ్: "తాళం కనిపిస్తే తీసి చూస్తాను" చేసేది, "నాతో అన్నం తిన్నవాడి సొమ్ము ముట్టను" చేయనిది. దొంగ దొంగగానే ఉన్నాడు, పార్టీ సంచి భద్రం. ఫైటర్ గడి ఖాళీ అన్నారు కదా, ఆమెకి మూడో వాక్యం ఒక్కటి రాయించినా సరిపోతుంది.

ప్రతిఫలం కూడా ఉండాలి. డంజన్ వరల్డ్ అనే ఆటలో అలైన్‌మెంట్ అంటే ఒక పని. ఆ సెషన్‌లో ఆ పని చేస్తే ఒక ఎక్స్‌పీ (అనుభవ పాయింటు). అక్కడ ఫైటర్‌కి గుడ్ అంటే తనకంటే బలహీనుణ్ని కాపాడటం, ఈవిల్ అంటే నిస్సహాయుణ్నో లొంగినవాణ్నో చంపడం. ఎంత సూటిగా ఉందో చూడండి. 5ఈలో దీనికి ఇన్‌స్పిరేషన్ (ఒకసారి డైస్ రెండు వేసి మంచిది తీసుకునే అవకాశం) వాడండి. చివరి పది నిమిషాల్లో కార్డులు బయటపెట్టి, మొదటి వాక్యం నెరవేరిందని టేబుల్ ఒప్పుకుంటే వచ్చే సెషన్‌కి ఇన్‌స్పిరేషన్. అది ఒకరి దగ్గర ఒక్కటే ఉంటుంది, పోగుపడదు, కాబట్టి దాని కోసం పనిగట్టుకుని ప్రతి తాళం తీసినా పెద్ద నష్టం లేదు. తీర్పు మాత్రం డీఎం ఒక్కడే చెప్పకూడదు.

చార్మినార్_చిమెరా:

సెషన్ జీరోలో (ఆట మొదలవక ముందు రూల్స్ మాట్లాడుకునే రోజు) కర్ణుడు ఏ గడిలోకి వస్తాడని ఎవరైనా అడిగితే వెంటనే చాయ్ బ్రేక్ ఇచ్చేయండి. లేదంటే నాలుగు గంటలూ దానికే.

కొండాపూర్_డీఎం:

అందరికీ థాంక్స్. కార్డులు ఖాయం, అంబర్‌పేట అన్న చెప్పిన దిక్కులు కూడా తీసుకుంటున్నా. రెండు మిగిలాయి. వార్లాక్ ఈవిల్ సంగతేంటి? గోబ్లిన్ సంగతేంటి?

బండమీద_బాసిలిస్క్:

వార్లాక్‌ని ఒక్కటే అడగండి: "ఈవిల్" అంటే నువ్వు టేబుల్ మీద ఏం చేద్దామనుకుంటున్నావు? జవాబు "నా పాట్రన్‌కి రుణపడ్డాను, పై మెట్టు ఎక్కడానికి అబద్ధాలాడతాను, శత్రువుని క్షమించను" అయితే నిరభ్యంతరంగా ఇవ్వండి. పార్టీ లక్ష్యం అతనికీ లాభమయ్యేలా మూడో వాక్యం రాయిస్తే అలాంటి క్యారెక్టర్ పార్టీకి భలే పనికొస్తాడు. జవాబు "మిగతావాళ్లు నిద్రపోతుంటే ఏదో ఒకటి చేస్తా" అయితే గడిలో ఏం రాసినా ఆట సాగదు.

సాటి ప్లేయర్ మీద చేసే దేనికైనా, దొంగతనం, మోసం, స్పెల్, ఏదైనా సరే, ఫలితం ఎలా ఉండాలో ఎవరి మీద చేశారో వాళ్లే చెబుతారు. డైస్ లేదు. ఈ ఒక్క రూల్ సెషన్ జీరోలో పెట్టేస్తే "నా క్యారెక్టర్ అంతే" అన్న మాటకి చోటే ఉండదు.

అంబర్‌పేట_ఆర్క్:

ముగ్గురు కొత్తోల్లున్న టేబుల్ల ఈవిల్ వద్దనే అంటా నేను. ఆ ప్రశ్నకు నిజంగ ఏం జవాబియ్యాల్నో కొత్తోనికి తెల్వదు, ఆడంగ ఆడంగ తెలుస్తది. 3వ లెవెల్ దాక "ఎటూ కాదు" అని పెట్టి, అటెన్క అడిగితే అప్పుడు జూడు.

రూల్‌బుక్_పురుగు:

వార్లాక్ విషయంలో నేను బాసిలిస్క్ పక్షం. ఇక గోబ్లిన్.

2014 పుస్తకంలో గోబ్లిన్ పక్కన న్యూట్రల్ ఈవిల్ అని ఉంటుంది. అది మాన్యువల్ ముందుమాటలోనే చెప్పినట్టు మామూలుగా ఉండే తీరు, డీఎం మార్చుకోవచ్చు. కాబట్టి "ఈవిల్ అని రాసుంది, చంపొచ్చు" అన్న వాదనని మొదట్లోనే పక్కన పెట్టండి. పాలడిన్‌కి కూడా లాఫుల్ గుడ్ అన్నది జవాబు కాదు, 5ఈలో ఆమెని కట్టేది ప్రమాణమే, అదీ 3వ లెవెల్‌లో. డివోషన్ శత్రువుల మీద దయ చూపమంటుంది, కానీ తెలివి వదలొద్దంటుంది. అదే వెంజెన్స్ (ప్రతీకారం) ప్రమాణం అయితే దుర్మార్గుల మీద దయ వద్దనే చెబుతుంది. రెండూ పాలడిన్లే, ఒకే ఖైదీ దగ్గర ఎదురెదురు దారులు. అందుకని మొదటి సాహసం తర్వాత ఆమె ఏ ప్రమాణం తీసుకుంటుందో మళ్లీ అడగండి, ఖైదీ ఘట్టాన్ని బట్టి మనసు మారొచ్చు.

మీరు సిద్ధం చేసుకోవాల్సింది తీర్పు కాదు, పర్యవసానాలు. ఖైదీ ఎలా దొరుకుతాడంటే, దగ్గరి దాడితో సున్నాకి దించినవాళ్లు స్పృహ తప్పించానని చెప్పొచ్చు. 1డీ4 గంటల తర్వాత ఒక హిట్ పాయింట్‌తో లేస్తాడు. సంకెళ్లు 2 బంగారు నాణేలు, చిన్న జీవికీ సరిపోతాయి, విడిపించుకోవాలంటే డీసీ 20. ఇవి సామానులో లేకపోతే "కట్టేసి తీసుకెళ్దాం" అన్న దారే మూసుకుపోయి, మిగిలేది చంపడమో వదిలేయడమో అవుతుంది. గొడవ ముదిరేది అక్కడే. అందుకే మొదటి గదిలోనే ఒక జత సంకెళ్లు పడేసి ఉంచండి.

కోటకి అప్పగిస్తే కొత్వాల్ బహుమతి ఇస్తాడు, కానీ గోబ్లిన్‌ని ఏం చేశారో తర్వాత తెలుస్తుంది. వదిలేస్తే గుట్టలో పార్టీ పేరు తెలుస్తుంది, తర్వాతి గోబ్లిన్ గుంపు మాట్లాడాకే బాణం వేస్తుంది. చంపేస్తే ఇక ఆ గుట్టల్లో ఎవరూ లొంగరు, ప్రతి పోరాటం చివరి గోబ్లిన్ దాకా సాగుతుంది. దీన్ని చెప్పక్కర్లేదు, ఆడి చూపించండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు: వదిలేసిన గోబ్లిన్ అదే రాత్రి వచ్చి నిద్రలో పొడవడం. ఒక్కసారి అలా జరిగితే క్యాంపెయిన్ మొత్తంలో ఎవరూ ఇంకో ఖైదీని పట్టరు. జాలిపడితే శిక్ష పడుతుందని నేర్పింది డీఎమ్మే అవుతారు.

టేబుల్ మీద పద్ధతి: ఎవరు లొంగుబాటు ఒప్పుకున్నారో వాళ్ల మాట చెల్లుతుంది. మిగతావాళ్లు ఒప్పించొచ్చు, పది నిమిషాలు, ఆ తర్వాత మాట ఇచ్చినవాళ్లదే నిర్ణయం. వాళ్లకే ఎటూ తేలకపోతే పెండ్రాగన్ అనే ఆట నుంచి ఒక ముక్క తెచ్చుకోవచ్చు. అందులో దయ, క్రూరత్వం లాంటి జంటలు 13, ఒక్కో జంట మొత్తం 20. దయ 13 అయితే క్రూరత్వం 7. డీ20 వేసి 13 లేదా తక్కువ పడితే దయ. కొత్తవాళ్ల మీద రోజూ వాడకండి, తమ క్యారెక్టర్‌ని డైస్ నడిపిస్తోందనిపిస్తుంది.

ఇంకొకటి, ఇది రాక్షసుడి గురించి. స్పెల్స్ వాడిని పసిగట్టలేవు అన్నాను. డివైన్ సెన్స్ స్పెల్ కాదు. రాక్షసుడు ఫీండ్. మీ పాలడిన్ 1వ లెవెల్‌లోనే దర్బారులో నిలబడి అది వాడిందంటే, 60 అడుగుల లోపల దివాన్ ఉంటే అక్కడే దొరికిపోతాడు. వేషం ఏదీ అడ్డు రాదు, పూర్తిగా కప్పేసే గోడ ఉంటేనే ఆగుతుంది. కాబట్టి మొదటి ఏడు లెవెళ్లూ దివాన్ ఎదురుగా రాకూడదు. ఫర్మానాలు, పల్లకీ పంపే నౌకర్లు, గోడ అవతలి నుంచి గొంతు, అంతవరకే.

కొండాపూర్_డీఎం:

అమ్మో, రెండో సెషన్‌లోనే దివాన్‌తో విందు పెట్టుకున్నా. మార్చేస్తా. చివరగా, పాలడిన్ ప్లేయర్ దగ్గర 2024 పుస్తకం ఉంది. ఆమె దాన్ని, మిగతావాళ్లు 2014ని వాడితే ఏమైనా ఇబ్బందా?

రూల్‌బుక్_పురుగు:

ఉంది. 2024లో డివైన్ స్మైట్ స్పెల్ అయిపోయింది. 2014 రాక్షసుడికి 6వ లెవెల్ దాకా స్పెల్స్ తగలవు కాబట్టి చివరి పోరాటంలో ఆమె స్మైట్ సున్నా. కొత్త మాన్యువల్ గోబ్లిన్లు కూడా మారాయి: ఇప్పుడు వాళ్లు ఫే, కేయాటిక్ న్యూట్రల్. అవి తెచ్చుకుంటే క్లెరిక్ డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ వేసిన ప్రతిసారీ గుట్టంతా మోగుతుంది. 2024 నుంచి ఏదీ కలపకండి. మీకు పనికొచ్చేది 2025 మాన్యువల్‌లోని బ్లెస్ వాక్యం ఒక్కటే, దాన్ని హౌస్ రూల్‌గా (మీ టేబుల్ సొంత రూల్) రాసుకుని సెషన్ జీరోలో క్లెరిక్‌కి చెప్పకుండా మీ దగ్గరే ఉంచుకోండి. కోట గ్రంథాలయంలో దొరికే పాత తాళపత్రంలో బయటపెడితే సరి.